ఆమె అడిగితే మనకెందుకు కోపం?

*నేరకథ నడుస్తున్నప్పుడు ఇంట్లోంచి ప్రశ్న వేసే భార్య పాత్ర తెర మీదికి రాగానే ప్రేక్షకులు ఎందుకంత చిరాకు పడతారు? ‘ది ఫ్యామిలీ మ్యాన్’లో సుచి నుంచి మన వరంగల్ అమ్మాయి ఈషా రెబ్బా చేసిన అలివేలు దాకా...*

హన్మకొండ నయీంనగర్‌లో ఒక బాయ్స్ హాస్టల్. మూడో అంతస్తు, రాత్రి పదిన్నర. ఇనుప ట్రంకు పెట్టె మీద ల్యాప్‌టాప్, దాని చుట్టూ ఆరుగురు కుర్రాళ్లు. మంచం మీద ముగ్గురు, కింద చాప మీద ముగ్గురు. మధ్యలో పేపరు ముక్క మీద చల్లారిన మిర్చి బజ్జీలు. 2025 నవంబరు నెలాఖరు. ‘ది ఫ్యామిలీ మ్యాన్’ మూడో సీజన్ ఆ నెల 21న వచ్చింది. నాలుగేళ్లు ఎదురుచూసిన సిరీస్ కాబట్టి పరీక్షల పుస్తకాలు మంచం కిందికి వెళ్లిపోయాయి.

తుపాకులు పేలినంతసేపూ గదిలో చప్పుడు లేదు. కథ ఇంట్లోకి వచ్చింది. శ్రీకాంత్ తివారీ భార్య సుచి తెర మీద కనబడగానే చాప మీది కుర్రాడి చెయ్యి తనంతట తానే కీబోర్డు మీదికి వెళ్లింది. కుడివైపు బాణం గుర్తు. ఒక్కసారి నొక్కితే పది సెకన్లు ముందుకు. మళ్లీ నొక్కాడు. ఇంకోసారి.

“జరుపురా, జరుపు. గీమె వచ్చిందంటే లొల్లే.”

“ఆయన ప్రాణం మీదికొస్తాంది, గీమెకు గిప్పుడే అడగాల్నా?”

కిటికీ పక్కన కూర్చున్న పరకాల కుర్రాడు మాత్రం తల తిప్పకుండానే అన్నాడు: “మీ అమ్మ అడగదారా మీ బాపును?”

ఎవరూ మాట్లాడలేదు. బాణం మీది వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్లీ పడింది.

అక్కడికి రెండు సందుల అవతల ఒక టైలరింగ్ షాపు ఉంది. లేడీస్ బ్లౌజులు, ఫాల్, పీకో. నలభై దాటిన ఆవిడ ఒక్కతే నడుపుతుంది. పెళ్లిళ్ల రోజులు కావడంతో రాత్రి తొమ్మిది దాటినా మిషన్ ఆగడం లేదు. దారపు రీళ్ల డబ్బాకు ఆనించి ఫోను పెట్టుకుంది. అందులోనూ అదే సిరీస్, తెలుగు మాటలతో. “చూసుడు తక్వ అన్నా, ఇనుడే ఎక్వ. చెయ్యి ఖాళీ ఉండాలె గదా” అంది. మిషన్ చప్పుడుకు మాటలు వినపడకపోతే పెడల్ ఆపి, దారం చుట్టుకున్న వేలితో తెర మీద ఎడమవైపు రెండుసార్లు తడుతుంది. పది సెకన్లు వెనక్కి. నేను చూస్తుండగానే ఆవిడ అలా వెనక్కి జరిపిన సీను సుచిదే.

“ఏడ వోతుండో చెప్పడు, ఎప్పుడొస్తడో చెప్పడు. అడిగితే తప్పా? నేనైతే ఎప్పుడో అడుగుదును” అని మళ్లీ పెడల్ తొక్కింది.

ఒకే సీను. ఒకరు పది సెకన్లు ముందుకు తోస్తున్నారు, ఇంకొకరు పది సెకన్లు వెనక్కి లాక్కుంటున్నారు. ఈ వారం కథనం ఆ ఇరవై సెకన్ల గురించే.

లోనావాలాలో ఏం జరిగింది?

తిరుపతిలో ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసి సినిమాల్లోకి వచ్చిన మన తెలుగువాళ్లు రాజ్ నిడిమోరు, కృష్ణ డీకే. వాళ్లు తీసిన ‘ది ఫ్యామిలీ మ్యాన్’ మొదటి సీజన్ 2019 సెప్టెంబరు 20న అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. మనోజ్ బాజ్‌పాయ్ చేసిన శ్రీకాంత్ ఉగ్రవాదుల్ని పట్టే రహస్య విభాగంలో పనిచేస్తాడు. ఇంట్లో మాత్రం నెల జీతానికి నానా తంటాలు పడే మామూలు ఉద్యోగిలా కనిపిస్తాడు. భార్య సుచిత్ర లెక్చరర్. ఆ ఉద్యోగం మానేసి, సహోద్యోగి అరవింద్‌తో కలిసి ఒక స్టార్టప్‌లో చేరుతుంది. పని మీద ఇద్దరూ లోనావాలా వెళ్లి ఒక రాత్రి అక్కడే ఉంటారు. ఆ రాత్రి ఏం జరిగిందో దర్శకులు చూపించలేదు.

చూపించని ఆ ఒక్క రాత్రి మీద దేశమంతా తీర్పు చెప్పేసింది. లోనావాలాలో ఏం జరిగింది అన్న మాట మీమ్ అయింది, టీ షర్టు మీద రాత అయింది, కాలేజీ కారిడార్లలో ఎగతాళి అయింది. ఆ పాత్ర చేసిన ప్రియమణి తనకు ద్వేషపూరితమైన సందేశాలు వచ్చాయని ఇంటర్వ్యూల్లో చెప్పింది. శ్రీకాంత్‌ను ఎందుకు మోసం చేశావని అడిగేవాళ్లు. సుచిని కాదు, ప్రియమణిని.

కథను నిదానంగా చూస్తే తేలేది వేరు. ఏళ్ల తరబడి ఇంట్లో అబద్ధం చెప్పింది శ్రీకాంత్. రెండో సీజన్‌లో ఇద్దరూ కౌన్సెలింగ్‌కు వెళితే అక్కడ ఓపిక పట్టలేకపోయింది కూడా అతనే. ఇవన్నీ తెర మీద కనబడ్డవే. కానీ అతని అబద్ధాలకు దేశం అనే గొప్ప కారణం ఉంది కాబట్టి మనం లెక్కలోకి తీసుకోలేదు. ఆమె మౌనానికి ఏ కారణమూ చెప్పలేదు కాబట్టి, ఆ కారణాన్ని మనమే రాసేసుకున్నాం. రెండో సీజన్ చివర్లో ఆమె కన్నీళ్లతో ఏదో చెప్పబోతుంటే కథ ఆగిపోతుంది. ఆ తర్వాత నాలుగేళ్లపాటు ఆమె ఏం చెప్పిందో మనకు తెలియదు. ఆమెను ఏమనాలో మాత్రం అందరికీ తెలుసు.

భారతక్కకు లాల్ సలాం, సుచికి తిట్లు

ఈ ముచ్చటలో వరంగల్‌కు దగ్గరి సంగతి ఒకటుంది. 2022 జూన్ 17న ‘విరాటపర్వం’ విడుదలైంది. దర్శకుడు వేణు ఊడుగుల ఓరుగల్లు బిడ్డ. 1992లో అనుమానంతో నక్సలైట్ల చేతుల్లో చనిపోయిన సరళ జీవితం ఆ కథకు ప్రేరణ. విడుదలకు ముందు సాయిపల్లవి, చిత్ర బృందం వరంగల్ వచ్చి సరళ కుటుంబాన్ని కలిశారు. ముప్పై ఏళ్ల నాటి గాయం మళ్లీ పత్రికల్లోకి వచ్చింది. ఆ వారం ఇక్కడ ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా సాయిపల్లవి చేసిన వెన్నెల పాత్ర మాటే.

ఆ సినిమాలో భారతక్క అనే దళ సభ్యురాలి పాత్ర ఉంది. చేసింది ప్రియమణి. ఆకుపచ్చ దుస్తులు, భుజాన తుపాకి, తక్కువ మాటలు. మన ప్రేక్షకులు ఆ పాత్రను గౌరవంగా చూశారు. చిన్న పాత్రే అయినా గుర్తుంచుకున్నారు. భారతక్క లేకపోతే ఆ దళానికి నిండుదనం లేదన్నారు.

అదే మనిషి. అవే కళ్లు, అదే గొంతు. అడవిలో తుపాకి పట్టుకుంటే అక్క అయింది. వంటింటి గడప దగ్గర నిలబడి “రాత్రంతా ఎక్కడున్నావు?” అన్న చూపు చూస్తే లొల్లి మనిషి అయింది. ఈ రెంటి మధ్య ప్రియమణి నటనలో తేడా లేదు, మన చూపులోనే ఉంది. తుపాకి పట్టిన ఆడమనిషి మన ఇంట్లో ఉండదు. ప్రశ్న పట్టుకున్న ఆడమనిషి రోజూ ఉంటుంది. అందుకే ఆమెను తెర మీద చూసినప్పుడు మన లోపలెక్కడో గుచ్చుకుంటుంది.

నిజానికి ఈ నేలకు అడిగే ఆడవాళ్లు కొత్త కాదు. పాలకుర్తిలో తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మ మన పాత వరంగల్ జిల్లా మనిషే. ఆమె పేరును 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు. బయటి దొరను అడిగిన ఆడమనిషికి దండ వేస్తాం. ఇంట్లో మొగుణ్ని అడిగిన ఆడమనిషిని పది సెకన్లు ముందుకు జరుపుతాం.

కెమెరా ఎవరి భుజం మీద ఉంది?

కుర్రాళ్ల మీద నెపం వేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ఆ వేలు బాణం మీదికి వెళ్లడానికి సగం కారణం కథ చెప్పే తీరులోనే ఉంది.

నేరకథలో కెమెరా మొదటి సీను నుంచీ కథానాయకుడి భుజం మీదే ఉంటుంది. అతని రహస్యం మనకు ముందే తెలుసు. కారు డిక్కీలో ఏముందో, ఫోన్ ఎవరిదో, ఇంటికి ఎందుకు ఆలస్యమైందో అన్నీ తెలుసు. ఆ రహస్యంలో మనమూ భాగస్తులం అవుతాం. అది బయటపడుతుందేమోనన్న బెంగ అతనికెంతో మనకూ అంతే. అలాంటప్పుడు తలుపు తీసి ‘ఎక్కడికెళ్లావు’ అని అడిగే మనిషి ఎవరు? మన ఆట చెడగొట్టడానికి వచ్చిన మనిషి. ఆమెకు ఏమీ తెలియదని, తెలియకుండా చేసింది అతనేనని, ఆ క్షణంలో మనకు గుర్తుండదు.

దానికి తోడు ఆమె సీన్లు రాసే తీరు. భర్త సీనులో వాన, చీకటి, పరుగు, నేపథ్య సంగీతం. భార్య సీనులో ట్యూబులైటు, డైనింగ్ టేబుల్, స్కూలు ఫీజు. ఒకదాంట్లో ప్రాణం పోతుంది, ఇంకోదాంట్లో అన్నం చల్లారిపోతుంది. ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నవాడికి అన్నం చల్లారిన బాధ ఎలా పడుతుంది? ఆ రెండూ ఒకే ఇంటి నష్టాలని చూపించాల్సిన బాధ్యత రచయితది. చాలాచోట్ల రచయిత ఆ పని చెయ్యడు. ఆమెను తలుపు దగ్గర నిలబెట్టి, ఒక ప్రశ్న అడిగించి, ఏడిపించి పంపేస్తాడు. ఎపిసోడ్‌కు అదొక విరామం. ప్రేక్షకుడు కూడా దాన్ని విరామంగానే తీసుకుని లేచి నీళ్లు తాగుతాడు.

ఒకప్పుడు ఈ ఊళ్లో అద్దె పుస్తకాల కొట్లలో మధుబాబు షాడో నవలలు చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేవి. గూఢచారి షాడో ప్రపంచమంతా తిరిగేవాడు. అతని కోసం బిందు ఎదురుచూసేది. ఆమెను ఎవరూ తిట్టలేదు, ఎందుకంటే ఆమె దారికి అడ్డం రాలేదు. ఎదురుచూసే ఆడదాన్ని ప్రేమించడం మనకు అలవాటే. ఎదురుచూసి, విసిగి, నోరు తెరిచిన ఆడదాని దగ్గరే చిక్కు వస్తుంది.

> ■ అమెరికాలోనూ ఇదే కథ
>
> ‘బ్రేకింగ్ బ్యాడ్’ అమెరికాలో 2008 జనవరి నుంచి 2013 సెప్టెంబరు దాకా నడిచింది. క్యాన్సర్ వచ్చిన కెమిస్ట్రీ టీచరు వాల్టర్ వైట్ డబ్బు కోసం మత్తుమందు తయారుచేస్తాడు. భార్య స్కైలర్ అనుమానించి నిలదీస్తుంది. విషం వండేవాణ్ని నెత్తిన పెట్టుకున్న అభిమానులు స్కైలర్‌ను అసహ్యించుకున్నారు.
>
> ఆ పాత్ర చేసిన ఆనా గన్ 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసింది. ద్వేషం పాత్రను దాటి తన మీదికి వచ్చిందని, తనను చంపడానికి ఎక్కడ దొరుకుతుందో చెప్పమని అడిగిన మనిషి కూడా ఉన్నాడని అందులో చెప్పింది. ఆ కోపం స్కైలర్ మీదికంటే, భార్య అంటే ఇలాగే ఉండాలన్న జనం ఊహ నుంచి వచ్చిందన్నది ఆమె వాదన.
>
> అదే పాత్రకు 2013లోనూ 2014లోనూ ఆమె ఉత్తమ సహాయ నటిగా ఎమ్మీ అవార్డు అందుకుంది.

సమంత వచ్చినప్పుడు

‘ఫ్యామిలీ మ్యాన్’ రెండో సీజన్ 2021 జూన్ 4న వచ్చింది. కొత్త స్త్రీ పాత్ర రాజీ. చేసింది సమంత. అప్పటిదాకా మనం ఆమెను నవ్వే కళ్లతో, ముద్దు మాటలతో చూశాం. రాజీ నవ్వదు. చెన్నైలో మిల్లులో పనిచేసుకునే మామూలు అమ్మాయిలా తలవంచుకు నడుస్తుంది. బస్సులో ఒకడు, పనిచేసే చోట పైవాడు ఆమెను వేధిస్తారు. ఆ తలవంపు వెనక శిక్షణ పొందిన యోధురాలుందని వాళ్లకు ఆలస్యంగా తెలుస్తుంది.

ఆ పాత్ర మీద స్పందన రెండు పాయలుగా వచ్చింది. ట్రైలర్ రాగానే తమిళనాట అభ్యంతరం లేచింది. ఈలం తమిళుల పోరాటాన్ని ఉగ్రవాదంతో ముడిపెట్టారని ఆ రాష్ట్ర మంత్రి మనో తంగరాజ్ మే 24న కేంద్రానికి లేఖ రాసి, సిరీస్‌ను ఆపమని కోరారు. సమంత ముఖానికి నల్లరంగు పూయడం మీదా ప్రశ్నలు వచ్చాయి. ఆ అభ్యంతరాలు తీసి పారేయదగినవి కావు. ఒక జాతి గాయాన్ని కథావస్తువు చేసినప్పుడు ఆ జాతి అడుగుతుంది, అడగాలి కూడా. రెండో పాయ విడుదలయ్యాక వచ్చింది. ఇంతకాలం ఈ నటిని మనం పాటలకే వాడుకున్నామా అని తెలుగు ప్రేక్షకులు ఆశ్చర్యపోయారు. ఆ ఏడాది ఫిల్మ్‌ఫేర్ ఓటీటీ అవార్డుల్లో డ్రామా విభాగం ఉత్తమ నటి ఆమే.

మొత్తం సీజన్‌లో చేతులకు ఎక్కువ నెత్తురంటింది రాజీకి. అయినా ఇంటింటా తిట్లు తిన్నది మాత్రం సుచి. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువ ఆలోచన పుట్టించింది ఇదే. మనుషుల్ని చంపిన రాజీని అర్థం చేసుకోగలిగాం, ఆమె గతం మనకు చూపించారు కాబట్టి. సుచి గతం, సుచి ఒంటరితనం మనకు ఎవరూ చూపించలేదు. మూడో సీజన్‌లో నిమ్రత్ కౌర్ చేసిన మీరా వచ్చింది. పెద్ద కుట్రను నడిపే మనిషి. ఆమెను కూడా ఎవరూ ‘లొల్లి’ అనలేదు. కుట్ర చేసే ఆడదానికి కథలో పని ఉంది. కాపురం చేసే ఆడదానికి మాత్రం ప్రతి సీనులోనూ తనకు ఇక్కడేం పనో రుజువు చేసుకోవాల్సి వస్తోంది.

మన ఓరుగల్లు అమ్మాయి అలివేలు

ఈషా రెబ్బా వరంగల్‌లో పుట్టిన అమ్మాయి. 2013లో ‘అంతకుముందు ఆ తరువాత’తో కథానాయికగా గుర్తింపు వచ్చింది. ‘అమీ తుమీ’, ‘అ!’ చేసింది. 2018 అక్టోబరు 11న ‘అరవింద సమేత వీర రాఘవ’ వచ్చినప్పుడు ఇక్కడివాళ్లు ప్రత్యేకంగా చూడటానికి వెళ్లారు. అందులో ఆమెది కథానాయిక చెల్లెలి పాత్ర. కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయింది. తెలుగమ్మాయికి తెలుగు సినిమాలో ఇంతేనా చోటు అన్న మాట అప్పుడు గట్టిగానే వినబడింది. ఆ మాటలో న్యాయం ఉంది.

2023 ఆగస్టు 4న హాట్‌స్టార్‌లో ‘దయా’ వచ్చింది. బంగ్లాదేశ్‌లో తీసిన ‘తక్‌దీర్’ అనే సిరీస్‌కు తెలుగు రూపం. దర్శకుడు పవన్ సాధినేని. కాకినాడలో చేపలు తీసుకెళ్లే ఫ్రీజర్ వ్యాన్ నడిపే దయా, ఒకరోజు వ్యాన్ తలుపు తీస్తే లోపల ఒక స్త్రీ శవం. జేడీ చక్రవర్తికి అది మళ్లీ పుట్టినంత పాత్ర. అతని భార్య అలివేలుగా ఈషా, నిండు గర్భిణి. జర్నలిస్టు కవితగా రమ్య నంబీశన్.

అలివేలును ఎవరూ ద్వేషించలేదు. ఎందుకంటే ఆమె ఎదురుచూస్తుంది. ఆ ఇంట్లో బిడ్డ రాబోతోంది, వ్యాన్‌లో శవం ఉంది. ఆ రెంటి మధ్య తిరిగే మనిషి భర్త. ఈషా ఉన్న కాసేపూ ఆ ఇల్లు నిజమైన ఇల్లులాగే ఉంటుంది. కానీ ‘దయా’ చూసినవాళ్లు చక్రవర్తి గురించి పావుగంట మాట్లాడి, ఈషా గురించి ‘బాగా చేసింది’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు. తిట్టకపోవడం మెచ్చుకోవడం కాదు. నేరకథలో భార్య అడిగితే తిట్లు, అడగకపోతే మరుపు. నడిమి దారి ఏదీ ఆమెకు మిగల్లేదు.

పక్కనే ఇంకో జ్ఞాపకం చెప్పుకోవాలి. మన కోటను ఏలిన రాణి మీద 2015 అక్టోబరు 9న ‘రుద్రమదేవి’ వచ్చింది. అనుష్క సినిమా అంతా మోసింది. హాల్లో ఈలలు మాత్రం గోన గన్నారెడ్డిగా అల్లు అర్జున్ గుర్రం దిగినప్పుడు పడ్డాయి. తెలంగాణ యాసలో ఆయన చెప్పిన మాటలు మన పిల్లలు నెలల తరబడి వల్లించారు. ఆయన బాగా చేశాడు, అందులో అనుమానం లేదు. కానీ రాణి పేరు పెట్టుకున్న సినిమాలో కూడా మన చప్పట్లు వెతుక్కుంటూ వెళ్లింది మగ సహాయ పాత్ర దగ్గరికి. ఆడ సహాయ పాత్రకు అలాంటి ఈల మన ఊళ్లో ఎప్పుడు పడిందో గుర్తుచేసుకుంటే నాకు ఒక్క రంగమ్మత్తే తడుతోంది.

పాత్రను దాటి మనిషి మీదికి

2018లో ‘రంగస్థలం’లో రంగమ్మత్తగా అనసూయను నెత్తిన పెట్టుకున్నాం. 2021 డిసెంబరు 17న వచ్చిన ‘పుష్ప’లో, ఎర్రచందనం దొంగల మధ్య, దాక్షాయణిగా వక్కపలుకు నములుతూ నిలబడ్డప్పుడూ చూశాం. అదే అనసూయ 2022 ఆగస్టులో తన వయసు మీద, రూపం మీద సోషల్ మీడియాలో పడిన మాటలకు విసిగి సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. సమంత 2021 అక్టోబరులో, విడాకుల ప్రకటన తర్వాత, తన వ్యక్తిగత జీవితం మీద కథలల్లిన యూట్యూబ్ చానళ్ల మీద కూకట్‌పల్లి కోర్టుకు వెళ్లింది. ఆ వీడియోలు తొలగించాలని కోర్టు ఆదేశించింది.

నటులు గనుక కోర్టు దాకా వెళ్లగలిగారు. ఈ మాటలు పేరున్న నటి దగ్గరే ఆగిపోవు. ఇన్‌స్టాలో సుచి మీద మీమ్ పెట్టిన కుర్రాడు అదే వేలితో తన క్లాసులో అమ్మాయి ఫొటో కింద కూడా రాస్తాడు. కాలేజీలో గట్టిగా ప్రశ్నించే అమ్మాయికి ‘సుచి’ అని పేరు పెట్టి పిలిచిన సంగతి కేయూ క్రాస్ రోడ్స్ దగ్గర బస్సు కోసం నిలబడ్డ ఒక పీజీ విద్యార్థిని చెప్పింది. “మొదట్ల నవ్విన అన్నా. తర్వాత ప్రతి మాటకూ అదే అంటుంటే క్లాస్ల నోరు తెరవబుద్ధి గాలె” అంది. ఆమె ఎం.ఎస్సీ. రెండో ఏడు చదువుతోంది. ఒక సెమినార్‌లో ప్రశ్న అడిగినందుకు వచ్చిన పేరది.

ఒక కల్పిత పాత్ర మీది చిరాకు ఒక నిజమైన అమ్మాయి నోరు మూయించింది. ఇది చిన్న విషయం అని నేను అనుకోవడం లేదు.

> ■ చట్టం ఏం చెబుతోంది?
>
> 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం...
>
> వద్దన్నా వెంటపడటం, ఆన్‌లైన్‌లో ఒక స్త్రీ కదలికల మీద కన్నేసి ఉంచడం 78వ సెక్షన్ కింద నేరం. స్త్రీ గౌరవాన్ని కించపరచాలని మాటతో, సైగతో, రాతతో చేసే పనులకు 79వ సెక్షన్. చంపుతామనో, పరువు తీస్తామనో బెదిరిస్తే 351వ సెక్షన్.
>
> సైబర్ నేరాలపై ఫిర్యాదుకు 1930 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181. తెలంగాణలో 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ ఇప్పుడు వరంగల్‌లోనూ పనిచేస్తున్నాయి. ఫిర్యాదు చేసేముందు ఆ సందేశాలను తుడిచేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలి.

రాసేవాళ్లు మారితే

ప్రేక్షకుడి వేలు మారాలంటే ముందు రచయిత కలం మారాలి. మారిన చోట ఫలితం కనబడుతోంది. ‘బ్రేకింగ్ బ్యాడ్’ తీసినవాళ్లే 2015లో ‘బెటర్ కాల్ సాల్’ మొదలుపెట్టారు. అందులో లాయరు కిమ్ వెక్స్‌లర్ కూడా సహాయ పాత్రే. ఈసారి ఆమె గదిలోకి, ఆమె ఆఫీసులోకి, ఆమె ఒంటరి రాత్రుల్లోకి కెమెరాను తీసుకెళ్లారు. స్కైలర్‌ను తిట్టిన అభిమానులే కిమ్‌కు ఏమవుతుందోనని ఆరు సీజన్లు బెంగపడ్డారు.

మన దేశంలో ‘ఢిల్లీ క్రైమ్’ ఉంది. 2020లో ఇంటర్నేషనల్ ఎమ్మీ గెలిచింది. షెఫాలీ షా చేసిన డీసీపీ వర్తికా చతుర్వేది పక్కన నీతి సింగ్ అనే యువ అధికారిగా రసికా దుగల్ ఉంటుంది. డ్యూటీకీ ఇంటికీ మధ్య నలిగే ఆ అమ్మాయి సంసారాన్ని కథ పక్కదారిగా చూడదు, కేసులాగే శ్రద్ధగా చూస్తుంది. ప్రేక్షకులు ఆమెను విసుక్కోకుండా ఆమెతోపాటు అలసిపోయారు. దాని మూడో సీజన్ ‘ఫ్యామిలీ మ్యాన్’ కంటే ఎనిమిది రోజుల ముందే, 2025 నవంబరు 13న వచ్చింది.

తెలుగులో 2023 డిసెంబరు 1న వచ్చిన ‘దూత’లో డీసీపీ క్రాంతి షెనాయ్‌గా పార్వతి తిరువోతు ఉంది. నాగచైతన్య చేసిన జర్నలిస్టును వెంటాడే పోలీసు. ఆమె అడిగే ప్రతి ప్రశ్నకూ కథలో విలువ ఉంది, కాబట్టి ఎవరికీ లొల్లి అనిపించలేదు. కానీ గమనించండి, ఆమె ఒంటి మీద యూనిఫారం ఉంది. యూనిఫారం లేకుండా, నైటీ మీద చున్నీ వేసుకుని అడిగే మామూలు భార్య ప్రశ్నకు అంత విలువ ఇచ్చిన తెలుగు సిరీస్ కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను. హైదరాబాద్‌లో కూర్చుని క్రైమ్ సిరీస్ రాస్తున్న మిత్రులకు ఒక్క విన్నపం. ఒక్క ఎపిసోడ్, మొదటి నుంచి చివరిదాకా, కెమెరాను ఆమె భుజం మీద పెట్టి చూడండి. అతను తలుపు వేసి వెళ్లాక ఆ ఇంట్లో ఏం జరుగుతుందో రాయండి. ఉత్కంఠ అక్కడ తక్కువేమీ ఉండదు. ఫోను మోగుతుందో లేదో తెలియని రాత్రిని మించిన ఉత్కంఠ ఏముంది?

ఎడమవైపు బాణం

ఈ కథనం రాయడానికి నేనొక పని చేశాను. ‘ఫ్యామిలీ మ్యాన్’ మొదటి సీజన్ మళ్లీ పెట్టి, మిగతావన్నీ జరిపేసి, సుచి ఉన్న సీన్లు మాత్రమే వరసగా చూశాను. అప్పుడది గూఢచారి కథలా లేదు. ఎప్పుడొస్తాడో తెలియని మనిషికోసం వంట చేసి, పిల్లల్ని చూసుకుని, ఉద్యోగానికి వెళ్లి, తనకు ఏదో దాస్తున్నారని మాత్రం గట్టిగా తెలిసిన ఒక స్త్రీ కథలా ఉంది. బాంబులు, తుపాకులు ఆ కథలో దాదాపు వినబడవు. లోనావాలా కూడా చాలా ఆలస్యంగా వస్తుంది. అప్పటికి ఆమె ఎంత అలసిపోయిందో మనకు తెలిసి ఉంటుంది.

టైలర్ అక్క దగ్గరికి మొన్న మళ్లీ వెళ్లాను. సీజన్ అయిపోయిందట. ఎట్లుంది అని అడిగితే, కాజా కుడుతూ, “ఆమె ముచ్చట సగంలనే ఇడిశిపెట్టిండ్రు” అంది.

మీ ఇంట్లో, మీ హాస్టల్ గదిలో ఆ సిరీస్ ఇంకా ఉంటే, ఈ ఆదివారం ఒక్క ఎపిసోడ్ అలా చూడండి. ఆమె తలుపు తీసినప్పుడు ఎడమవైపు బాణం నొక్కండి.